రిపీటర్‌పై ఉద్దేశపూర్వక అంతరాయం: బెంగళూరు హామ్‌లకు ఒక సమగ్ర మార్గదర్శి

రాత్రి తొమ్మిది గంటలకు బెంగళూరులో మేము, అంటే లైసెన్సు తీసుకుని అభిరుచి కోసం రేడియోలో మాట్లాడుకునే హామ్‌లం, నడుపుకునే తెలుగు నెట్‌లో (అందరం ఒకే ఫ్రీక్వెన్సీ మీద కలుసుకునే సమావేశంలో) ఒకరోజు హాజరు పిలుస్తుండగా, ఒక పెద్దాయన తన కాల్‌సైన్ (లైసెన్సుతో వచ్చే గుర్తింపు పేరు) చెప్పడం మొదలుపెట్టి రెండక్షరాలు పలికేలోపే ఆయన గొంతు మీద బరువైన నిశ్శబ్దం ఒకటి వచ్చి పడింది. మాట లేదు, పాట లేదు, ఉత్త క్యారియర్, అంటే ఏ ధ్వనీ మోయని ఖాళీ రేడియో తరంగం. ఆయన పీటీటీ (మాట్లాడేటప్పుడు నొక్కి పట్టే మీట) వదలగానే అదీ వదిలింది. ఆయన మళ్ళీ మొదలుపెట్టగానే అదీ మళ్ళీ వచ్చింది. నెట్ నడుపుతున్న కుర్రవాడు ఉండబట్టలేక "ఎవరండీ అది? దయచేసి ఫ్రీక్వెన్సీ వదలండి" అన్నాడు. జవాబుగా పీటీటీ రెండుసార్లు టక్కుటక్కుమంది. ఆ చప్పుడులోని నవ్వు మా అందరికీ వినిపించింది. తరువాతి ఇరవై నిమిషాలు నెట్ జరగలేదు, ఆ అజ్ఞాత వ్యక్తి గురించిన చర్చే జరిగింది. అతనికి కావలసిందీ అదే.

ఆ కొన్ని వారాల్లో మేము చేసిన తప్పులను, చివరకు మాకు అలవడిన పద్ధతిని ఇక్కడ వరుసగా రాస్తున్నాను. రిపీటర్ నిర్వాహకులకు, నెట్ కంట్రోలర్లకు, కొత్తగా వీయూ3తో మొదలయ్యే కాల్‌సైన్ తెచ్చుకుని హ్యాండీ (చేతి సెట్టు) పట్టుకున్నవారికి కూడా ఇది ఉపయోగపడాలని నా ఉద్దేశం.

మొదటి మెట్టు: ఇది నిజంగా కావాలని చేస్తున్నదేనా?

కోపం వచ్చినప్పుడు ప్రతి చప్పుడూ కుట్రలాగే వినిపిస్తుంది కాబట్టి, ముందు రిపీటర్ పనితీరును ఒకసారి గుర్తుచేసుకోవాలి. మన దేశంలో రెండు మీటర్ల బ్యాండు 144 నుంచి 146 మెగాహెర్ట్జ్ వరకు ఉంటుంది. ఈ బ్యాండులో రిపీటర్ ఒక ఫ్రీక్వెన్సీ మీద వింటూ, సాధారణంగా దానికి 600 కిలోహెర్ట్జ్ ఎడంగా ఉన్న మరో ఫ్రీక్వెన్సీ మీద అదే మాటను పెద్ద శక్తితో తిరిగి పంపుతుంది. ఉదాహరణకు 145.000 ఇన్‌పుట్ అయితే 145.600 అవుట్‌పుట్ అవుతుంది. ఎఫ్‌ఎమ్ రిసీవర్‌కు ఒక స్వభావం ఉంది: ఒకేసారి రెండు సంకేతాలు వస్తే బలమైనదాన్ని పట్టుకుని బలహీనమైనదాన్ని దాదాపు పూర్తిగా వదిలేస్తుంది. రెండూ సమానబలంతో ఉంటే కీచుమనే శబ్దం పుడుతుంది. మాట్లాడకుండా పీటీటీ నొక్కి కూర్చున్న ఒక్క మనిషి పదిమంది గొంతులను మింగేయగలగడానికి కారణం ఇదే.

ఇప్పుడు అమాయకమైన కారణాలను ఒక్కొక్కటిగా తోసిపుచ్చండి. అన్నిటికంటే తరచుగా కనిపించేది ఇరుక్కుపోయిన పీటీటీ. కారు సీటు సందులో మైకు నలిగినప్పుడు హారన్లు, ఇండికేటర్ టిక్కుటిక్కు, వెనక సీట్లో పిల్లల గొడవ, అన్నీ శుభ్రంగా ప్రసారమవుతాయి, మనిషికి మాత్రం తెలియదు. ఎల్‌ఈడీ దీపాలు, చవకరకం స్విచింగ్ పవర్ సప్లైలు పుట్టించే రొద బ్యాండు పొడవునా పరచుకుని ఉంటుందే తప్ప ఒక్క ఫ్రీక్వెన్సీ మీద నిలబడదు. రిపీటర్ ఉన్న కొండ మీదో భవనం మీదో మరికొన్ని సేవల ట్రాన్స్‌మిటర్లు ఉంటే వాటి సంకేతాలు ఒకదానితో ఒకటి కలిసి మన ఇన్‌పుట్ మీద మూడో సంకేతంగా పుట్టవచ్చు. అందులో రెండు వేర్వేరు సంభాషణలు కలగాపులగంగా వినిపిస్తాయి. చలికాలపు తెల్లవారుజామున నేలకు దగ్గరి గాలి చల్లగా, పై గాలి వెచ్చగా ఉన్నప్పుడు వందల కిలోమీటర్ల అవతలివారు మన రిపీటర్‌ను తమదనుకుని తెరుస్తారు. వారిని తిట్టకుండా పలకరించి, సిగ్నల్ రిపోర్టు ఇచ్చి, లాగ్‌లో రాసుకోవడం మర్యాద.

ఇంకొక కారణం బెంగళూరులో బాగా ఎక్కువ. ఆ రాత్రి సంగతికి రెండేళ్ళ ముందు, మా రిపీటర్ మీద ప్రతి సాయంత్రం కన్నడం, తెలుగు, హిందీ కలిసిన అరుపులు వచ్చేవి. ఎవరో ఏడిపిస్తున్నారని అందరం తీర్మానించుకున్నాం. తీరా వెతికితే మా ఇంటికి నాలుగు వీధుల అవతల కడుతున్న అపార్టుమెంటు గేటు దగ్గర తేలింది. కాపలాదారుది మదనపల్లె వైపు. చేతిలోని చైనా సెట్టును నాకు చూపించి "ఇది మా సూపర్‌వైజర్ ఇచ్చినాడు సార్, నేనేం తిప్పలేదు, ఈ మీట నొక్కి మాట్లాడమన్నాడు, అంతే" అన్నాడు. అతను చెప్పింది నిజమే. ఇలాంటి సెట్లు 136 నుంచి 174 మెగాహెర్ట్జ్ వరకు ఎక్కడైనా ప్రసారం చేస్తాయి. కొన్నవారికి లైసెన్సు సంగతి తెలియదు, అమ్మినవారు చెప్పరు. 2018 నిబంధనల ప్రకారం లైసెన్సు లేకుండా వాడదగిన తక్కువ శక్తి వాకీటాకీలకు 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ వరకు చోటు ఉంది. ఆ మాట సూపర్‌వైజర్‌కు మర్యాదగా చెబితే వారంలో సెట్లు మారాయి. ఆన్‌లైన్ అంగళ్ళలో వాకీటాకీల అక్రమ అమ్మకంపై కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2025లో నోటీసులు, మార్గదర్శకాలు జారీ చేయడానికి నేపథ్యం కూడా ఈ రకం సెట్లే.

ఇక ఉద్దేశపూర్వకమైనదాన్ని గుర్తుపట్టడం ఎలా? అది ప్రతిస్పందిస్తుంది. ఇరుక్కున్న మైకు మీ మాట వినదు, కావాలని చేసేవాడు వింటాడు. హాజరు వరుసను చెప్పకుండా మార్చి చూడండి. అంతరాయం ఒక ప్రత్యేకమైన వ్యక్తి మీదకే వస్తున్నదా, ఆయన ఎప్పుడు మాట్లాడితే అప్పుడే వస్తున్నదా, నెట్ లేని రోజున మాయమవుతున్నదా అన్నది చూడాలి. కాపలాదారు వ్యవహారం తరువాత మేము రిపీటర్‌కు టోన్ పెట్టాం, అంటే చెవికి ఆనని సన్నటి స్వరం తోడుగా వస్తేనే అది తెరుచుకుంటుంది. ఆ రాత్రి వచ్చినవాడి దగ్గర ఆ టోన్ ఉంది. కాబట్టి పొరపాటున వచ్చిన సెట్టు కాదది, వెతికి టోన్ పెట్టుకున్న సెట్టు.

మరొక పరీక్ష చాలామంది మరిచిపోతారు. అంతరాయం ఇన్‌పుట్ మీద పడుతున్నదా, అవుట్‌పుట్ మీద పడుతున్నదా? ఇన్‌పుట్ మీద అయితే యలహంకలో ఉన్నవారికీ బనశంకరిలో ఉన్నవారికీ ఒకేలా వినిపిస్తుంది, వదిలాక రిపీటర్ తోక (మాట ఆగాక కాసేపు మిగిలే దాని ఖాళీ ప్రసారం), బీప్ వస్తాయి. నేరుగా అవుట్‌పుట్ మీద నొక్కుతుంటే ఆ చుట్టుపక్కల వారికే వినిపిస్తుంది, తోక ఉండదు, దూరంగా ఉన్నవారు "మాకేమీ లేదే" అంటారు. రెండోదైతే మీ పని సగం అయిపోయినట్లే. ఎవరెవరికి వినిపించిందో అడిగితే పేట తెలిసిపోతుంది.

రెండో మెట్టు: గాలిలో మౌనం, ఒకే గొంతు

ఇది చెప్పడం తేలిక, పాటించడం చాలా కష్టం. అంతరాయం కలిగించేవాడికి దక్కే ప్రతిఫలం మన స్పందన ఒక్కటే. తిట్టినా, బతిమాలినా, చట్టం చదివి వినిపించినా, "నువ్వెవరో మాకు తెలుసు" అని బెదిరించినా అతనికి అందేది ఒకటే. అందుకే నెట్‌లో ఉన్నవారందరితో ముందుగా, ఫోన్ మీద, ఒక ఒప్పందం చేసుకోవాలి: ఆ విషయం గాలిలో ఎవరూ ఎత్తకూడదు. జామర్, అల్లరి, క్యూఆర్‌ఎమ్ (అంతరాయానికి రేడియో సంకేతం) అన్న మాటలే రాకూడదు. కంట్రోలర్ ఒక్కరే పరిస్థితిని నడపాలి. ఒక స్టేషను మాట పోతే ఆయన పది సెకన్లు ఆగి, కారణం చెప్పకుండా, మామూలు గొంతుతో "మీ చివరి మాట అందలేదు, ఇంకొక్కసారి చెప్పండి" అనాలి. రెండోసారీ పోతే "మీ తరఫున ఫలానావారు రిలే చేస్తారు" అని రిపీటర్‌కు బలంగా చేరే స్టేషనుకు అప్పగించాలి. ఎఫ్‌ఎమ్‌లో బలమైనదే గెలుస్తుంది కాబట్టి, ఇంట్లో కూర్చుని రబ్బరు యాంటెన్నాతో మాట్లాడే బదులు మేడ మీది యాంటెన్నా వాడినంత మాత్రాన చాలా దాడులు వాటంతటవే తేలిపోతాయి. మా పెద్దాయనకు మేము మొదట చేసిన సాయం అదే. ఒక ఆదివారం ఆయన ఇంటి మేడ మీద గ్రౌండ్‌ప్లేన్ యాంటెన్నా కట్టి వచ్చాం.

తిరిగి అతని మీద నొక్కడం మాత్రం ఏ పరిస్థితిలోనూ చేయవద్దు. అలా చేసిన క్షణం నుంచి లాగ్‌లో ఇద్దరు నేరస్తులు ఉంటారు, వారిలో కాల్‌సైన్ చెప్పి దొరికిపోయేది మీరే. నెట్ సాగడం అసాధ్యమైతే, ముందే అనుకున్న సింప్లెక్స్ (రిపీటర్ లేకుండా నేరుగా మాట్లాడుకునే) ఫ్రీక్వెన్సీకి ఎవరికి వారు వెళ్ళిపోవాలి. ఆ అంకెను గాలిలో పలకకూడదు.

ఈ క్రమశిక్షణ కుదరడానికి మాకు మూడు వారాలు పట్టింది. ప్రతిసారీ ఎవరో ఒకరు ఆగలేకపోయేవారు. ఆ పెద్దాయనే ఒకరోజు ఫోన్ చేసి "జాతరలో మైకు లాక్కున్నవాడి వైపు జనం చూసినంతసేపే వాడు పాడతాడు నాయనా, మీరంతా తిరునాళ్ళ సంగతి చూసుకోండి" అన్నారు. దెబ్బ తగిలింది ఆయనకు, ఓపిక నేర్పిందీ ఆయనే.

అత్యవసర సమాచారం నడుస్తున్నప్పుడు లెక్క వేరు. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు, అప్పటికే రేడియో యాత్ర మీద పోర్ట్‌బ్లెయిర్‌లో ఉన్న హైదరాబాదులోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ (నియార్) బృందం అండమాన్ సమాచారాన్ని బయటి ప్రపంచానికి అందించింది. అలాంటి వేళ అంతరాయం వస్తే ఓర్పు పట్టి కూర్చోవడం కుదరదు. ప్రత్యామ్నాయ ఫ్రీక్వెన్సీలు, రిలే స్టేషన్లు, ఎవరు ఎటు మారాలన్న జాబితా ముందే కాగితం మీద ఉండాలి.

మూడో మెట్టు: లాగ్

ఫిర్యాదు బలం మీ కోపంలో ఉండదు, పుస్తకంలో ఉంటుంది. ప్రతి సంఘటనకు తేదీ, మొదలైన సమయం, ముగిసిన సమయం భారత కాలమానంలో రాయండి, ఫోన్ గడియారంతో సరిచూసుకోండి. ఆ క్షణంలో ఎవరు మాట్లాడుతున్నారు, వచ్చింది ఉత్త క్యారియరా, ఈలా, పాటా, గొంతా, టోన్ ఎంత, ఇన్‌పుట్ మీద నేరుగా ఎవరికి వినిపించింది, ఎస్-మీటర్ (సంకేత బలం చూపే కొలమానం) ఎంత చూపింది, ఆ సమయంలో గాలిలో ఎవరెవరు ఉన్నారు అన్నవి ఉండాలి. చివరిది తేలికగా తీసుకోకండి. ఎవరు కాదో తేల్చడానికి అదే పనికొస్తుంది. మా పుస్తకంలో ఒక వరుస ఇలా ఉంది: "21:14:20 నుంచి 21:14:52. ఉత్త క్యారియర్. హాజరు మూడో పేరు మీద. రిపీటర్ తోక ఉంది. కగ్గదాసపుర స్టేషనుకు ఇన్‌పుట్ మీద ఎస్3. మిగతావారికి లేదు." ఇందులో అనుమానం లేదు, విశేషణం లేదు. ఊహలు రాయాలనిపిస్తే వేరే పేజీలో రాసుకోండి, అవి ఫిర్యాదుతో వెళ్ళకూడదు.

రికార్డింగు కూడా ఉంచండి. కంప్యూటరుకు తగిలించే చవక ఎస్‌డీఆర్ డాంగిల్ (సాఫ్ట్‌వేర్‌తో పనిచేసే చిన్న రిసీవర్) ఉంటే, ధ్వనితో పాటు సంకేతాన్నే యథాతథంగా భద్రపరచవచ్చు. ప్రతి ట్రాన్స్‌మిటర్ పీటీటీ నొక్కిన మొదటి కొన్ని మిల్లీసెకన్లలో తన ఫ్రీక్వెన్సీ మీద కుదురుకునే తీరు కొంచెం వేరుగా ఉంటుంది. సోమవారం వచ్చిన సెట్టూ గురువారం వచ్చిన సెట్టూ ఒకటేనా అని పోల్చుకోవడానికి కంప్యూటరు తెర మీద ఆ తీరు చూపే గీత సాయపడుతుంది. అది ఎవరి సెట్టో మాత్రం ఆ గీత చెప్పదు. ఈ రికార్డింగులను వాట్సాప్ గుంపుల్లో తిప్పవద్దు. తన ప్రతాపం ఊరంతా వింటున్నదని తెలిస్తే అతనికి అంతకు మించిన బహుమతి లేదు.

నాలుగో మెట్టు: రిపీటర్ దగ్గర

టోన్ పెట్టడం దొంగకు తాళం కాదు, దారిన పోయేవారికి గడియ. 67.0 నుంచి 254.1 హెర్ట్జ్ వరకు ఉన్న ప్రామాణిక టోన్లను ఇప్పటి సెట్లు నిమిషాల్లో వెతికి పట్టేస్తాయి. అయినా పెట్టండి, ఎందుకంటే పొరపాట్లు చాలావరకు వడకట్టబడితే మిగిలినవి ఎక్కువగా ఉద్దేశపూర్వకమైనవేనని తేలుతుంది. రిపీటర్ తన అవుట్‌పుట్‌లో అదే టోన్‌ను తిరిగి పంపకుండా చూసుకోవాలి, లేకపోతే తాళంచెవి గుమ్మానికి వేలాడదీసినట్లే. టైమవుట్, అంటే ఒకే ప్రసారాన్ని రిపీటర్ ఆపకుండా పంపే గరిష్ఠ సమయం, సాధారణంగా మూడు నిమిషాలు ఉంటుంది. అంతరాయం నడిచే రోజుల్లో దాన్ని నిమిషంన్నరకు తగ్గిస్తే, పట్టుకు కూర్చున్న క్యారియర్ తన నోరు తానే మూసుకుంటుంది.

రిపీటర్‌ను దూరం నుంచి ఆపే ఏర్పాటు తప్పనిసరి, అది వేరే బ్యాండు మీదో ఫోన్ మీదో ఉండాలి. అదే ఇన్‌పుట్ మీద ఉంటే అవసరమైనప్పుడు అతని క్యారియర్ కింద మీ ఆజ్ఞ వినపడదు. పరిస్థితి చేయి దాటితే నిర్వాహకుడు ప్రకటన ఏదీ చేయకుండా అరగంట ఆపేయాలి. కొందరు దీన్ని ఓటమి అంటారు. నేను అలా అనుకోను. వేదిక మీద దీపాలు ఆర్పే హక్కు వేదిక కట్టినవారికి ఉంది. కాకపోతే రోజూ ఆపితే అతను గెలిచినట్లే కాబట్టి, వారానికి ఒకటి రెండుసార్లకు మించకూడదు.

ఐదో మెట్టు: ఇన్‌పుట్ వినడం, దిక్కు పట్టడం

అసలు పని ఇక్కడ ఉంది. రిపీటర్ అవుట్‌పుట్ వింటూ అంతరాయం ఎక్కడిదో ఎప్పటికీ తెలుసుకోలేరు, ఎందుకంటే మీకు వినిపించేది కొండ మీది రిపీటర్. మీ సెట్టులో రివర్స్ బటన్ నొక్కి ఇన్‌పుట్‌ను నేరుగా వినండి. టోన్ స్క్వెల్చ్ తీసేసి మామూలు స్క్వెల్చ్‌ను (బలహీన సంకేతాలను వినిపించనివ్వని అడ్డును) బాగా తగ్గించండి. వినిపించిందంటే మీరు అతనికి కొన్ని కిలోమీటర్ల లోపల ఉన్నట్లు లెక్క. ఇరవైమంది ఇరవై పేటల్లో ఒకే సమయంలో ఇన్‌పుట్ వింటే, పరికరాలేమీ లేకుండానే సగం పటం చెరిగిపోతుంది. మా విషయంలో మొదటి వారంలో ఒక్క కగ్గదాసపురలోనే వినిపించింది. ఆ ఒక్క మాటతో మిగతా ఊరంతా వదిలేశాం.

తరువాత దిశ. హ్యాండీ ఒక్కటే ఉంటే దాన్ని ఛాతీకి ఆనించి పట్టుకుని నిలబడిన చోటే మెల్లగా తిరగండి. సంకేతం అన్నిటికంటే సన్నబడినప్పుడు మీ శరీరం అడ్డుగా ఉన్నట్లు, అంటే ట్రాన్స్‌మిటర్ మీ వీపు వైపు ఉన్నట్లు. ఇంకొంచెం కచ్చితంగా కావాలంటే మూడు ముక్కల యాగీ (ఒక దిశ వైపే బాగా వినే యాంటెన్నా) చేసుకోండి. ఎస్పీ రోడ్డులో కోయాక్సియల్ కేబులు, కనెక్టరు, ఏదైనా హార్డ్‌వేర్ దుకాణంలో ఇనుప కొలటేపు, పీవీసీ పైపు దొరుకుతాయి. టేపును కత్తిరించి వెనక ముక్క 105 సెంటీమీటర్లు, ముందు ముక్క 89 సెంటీమీటర్లు, మధ్య ముక్క మధ్యలో రెండున్నర సెంటీమీటర్ల సందు వదిలి 45 చొప్పున రెండు సగాలుగా పైపు మీద బిగించండి. వెనక ముక్కకూ మధ్య ముక్కకూ ఎడం 20, మధ్యదానికీ ముందుదానికీ ఎడం 32 సెంటీమీటర్లు. సందుకు రెండు వైపులా కేబులుతో పాటు పన్నెండున్నర సెంటీమీటర్ల తీగను జడపిన్నులా వంచి టంకం వేయండి. టేపు మీది పసుపు రంగు గీకకపోతే టంకం అంటదు, నేను మొదటిసారి గంటసేపు దానితోనే కుస్తీ పట్టాను. రిపీటర్ వాడేవారి యాంటెన్నాలు నిలువుగా ఉంటాయి కాబట్టి యాగీ ముక్కలను కూడా నిలువుగా పట్టుకోవాలి.

బెంగళూరుకు ప్రత్యేకమైన మాట ఒకటి చెప్పాలి. పుస్తకాల్లో కారులో యాంటెన్నా పెట్టుకుని వెంటాడటం గురించి ఉంటుంది. ముప్పై సెకన్లు నొక్కి వదిలే మనిషి కోసం రాత్రి తొమ్మిదింటికి సిల్క్‌బోర్డు దాటి వెళ్ళేలోపు నెట్ ముగిసి, కంట్రోలర్ భోంచేసి పడుకుంటాడు. ఇక్కడ కదలకుండా పట్టడమే మేలు. నలుగురు నాలుగు మేడల మీద యాగీతో, దిక్సూచితో నిలబడి, వచ్చిన ప్రతిసారీ సమయం, డిగ్రీలు ఫోన్‌లో పంపాలి. ఒకరు ఇంట్లో కూర్చుని పటం మీద గీతలు గీయాలి. గీతలు ఒకదానికొకటి దాదాపు లంబంగా ఖండించుకునేలా స్థానాలు ఎంచుకోండి. కొలతలో పది డిగ్రీల పొరపాటు ఐదు కిలోమీటర్ల దూరంలో దాదాపు 880 మీటర్ల తేడా తెస్తుంది, కాబట్టి ఒక్క రాత్రి గీతలను నమ్మకుండా ఆరేడు రాత్రులవి పోగుచేయాలి. ఔటర్ రింగ్ రోడ్డు పొడవునా ఉన్న అద్దాల భవనాలు సంకేతాన్ని అద్దంలాగే తిప్పికొడతాయి. మాకు మొదటి రెండు రాత్రులు గీతలన్నీ ఒక ఐటీ పార్కును చూపించాయి, ఆ వేళ అందులో దీపాలు తప్ప మనుషులు లేరు. ఇంకా ఎత్తైన మేడకు మారగానే గీత నలభై డిగ్రీలు పక్కకు జరిగింది.

దగ్గరికి వెళ్ళాక కొత్త ఇబ్బంది మొదలవుతుంది. సంకేతం బలమై ఎస్-మీటర్ నిండిపోయి ఎటు తిప్పినా ఒకేలా ఉంటుంది. అప్పుడు సెట్టును ఐదు, పది కిలోహెర్ట్జ్ పక్కకు జరిపి వినండి, సంకేతం నీరసపడి దిశ మళ్ళీ కనిపిస్తుంది. మరో ఉపాయం మూడో హార్మోనిక్, అంటే అసలు ఫ్రీక్వెన్సీకి మూడు రెట్ల దగ్గర పుట్టే సన్నటి సంకేతం. 145.000 మీద పంపే సెట్టు 435.000 మీద కూడా సన్నగా పలుకుతుంది, అది వినిపిస్తే మీరు చాలా దగ్గరలో ఉన్నట్లే. చేయి తిరిగినవారు 4 మెగాహెర్ట్జ్ క్రిస్టల్‌తో ఆఫ్‌సెట్ అటెన్యుయేటర్ (సంకేతాన్ని పక్క ఫ్రీక్వెన్సీకి జరిపి బలం తగ్గించే పరికరం) చేసుకుని 149.000 మీద వింటూ బలాన్ని మీటతో తగ్గించుకుంటారు. కారులో వెళ్తే నడిపేవారు నడపడమే చేయాలి, యాంటెన్నా పక్కవారి చేతిలో ఉండాలి. రాత్రివేళ ఇనుప కడ్డీల్లాంటి వస్తువుతో అపార్టుమెంట్ల చుట్టూ తిరుగుతుంటే జనం అడుగుతారు, లైసెన్సు నకలు జేబులో పెట్టుకోండి, పోలీసు బీటు వారు అడిగితే దాచకుండా చెప్పండి.

ఆరో మెట్టు: దొరికాడనిపించినప్పుడు ఆగడం

మా గీతలు కలిసిన చోటికి సందు దూరంలోనే మాకందరికీ తెలిసిన లైసెన్సుదారు ఒకరు ఉండేవారు. పూర్వం ఆయనకూ క్లబ్బుకూ ఏదో మాటపట్టింపు. ఇంకేముంది, అందరి మనసుల్లోనూ తీర్పు అయిపోయింది. ఇద్దరు ఆయన ఇంటికి వెళ్ళి నిలదీద్దామన్నారు. ఆ శనివారం అదే మనిషి మాతో పాటు ఇందిరానగర్‌లో కాఫీ తాగుతుండగా, బల్ల మీద పెట్టిన నా హ్యాండీలో నెట్ నడుస్తుండగా, అదే క్యారియర్ అదే పెద్దాయన మీద వచ్చి పడింది. బల్ల చుట్టూ ఎవరూ మాట్లాడలేదు. ఆయన మా ముఖాలు చూసి "నన్నే అనుకున్నారు కదూ" అన్నారు. ఆ రోజు నుంచి ఆయనే మా నాలుగో మేడ అయ్యారు.

అందుకే ఈ మెట్టులో చేయవలసింది ఏమీ చేయకపోవడమే. ఇంటి తలుపు తట్టవద్దు, ఫోటోలు తీయవద్దు, కాల్‌సైన్ బయటపెట్టవద్దు. మీ కొలతలు ఒక భవనాన్ని చూపగలవు, వేలిని చూపలేవు. ఆ భవనంలో రెండు వందల ఇళ్ళు ఉండవచ్చు. ఒకవేళ అతను క్లబ్బు సభ్యుడేనని నిస్సందేహంగా తెలిసి, అతను గౌరవించే పెద్దలు ఉంటే, వారిలో ఒక్కరే వెళ్ళి ఏకాంతంలో మాట్లాడటం కొన్నిసార్లు పనిచేస్తుంది. సాక్షులు ఎక్కువైతే మొండితనం పెరుగుతుంది.

ఏడో మెట్టు: ఫిర్యాదు

మన దేశంలో హామ్ లైసెన్సులు ఇచ్చేది టెలికమ్యూనికేషన్ల శాఖలోని డబ్ల్యూపీసీ (వైర్‌లెస్ ప్లానింగ్ అండ్ కోఆర్డినేషన్) విభాగం. గాలిలో ఎవరేం చేస్తున్నారో వినేది 1952 నుంచి పనిచేస్తున్న వైర్‌లెస్ మానిటరింగ్ ఆర్గనైజేషన్. దానికి దేశంలో పలుచోట్ల కేంద్రాలు, దిశ పట్టే వాహనాలు ఉన్నాయి. అంతరాయం ఫిర్యాదు అక్కడికే వెళ్ళాలి, రిపీటర్ లైసెన్సు ఎవరి పేరు మీద ఉంటే వారి సంతకంతో వెళ్ళాలి. ఇరవైమంది ఇరవై ఉత్తరాలు రాయడం కంటే ఒక్క పొందికైన ఉత్తరం మేలు. మొదటి పేజీలో రిపీటర్ ఇన్‌పుట్, అవుట్‌పుట్, టోన్, స్థానం, లైసెన్సు వివరాలు, తరువాత అంతరాయం ఏ రోజుల్లో, ఏ వేళల్లో వస్తున్నదన్న సారాంశం, ఆపైన లాగ్ నకలు, పటం మీద గీతలు, రికార్డింగులు ఉండాలి. అధికారులకు అన్నిటికంటే పనికొచ్చేది "మంగళ, గురువారాల్లో రాత్రి తొమ్మిది నుంచి తొమ్మిదిన్నర మధ్య" వంటి మాట. వాహనం ఎప్పుడు పంపాలో వారికి తెలియాలి. అనుమానితుల పేర్లు రాయకండి, వారు అడిగితే అప్పుడు చెప్పవచ్చు.

చట్టం ఏమంటున్నదో క్లుప్తంగా. అంతర్జాతీయ రేడియో నిబంధనల 15వ అధికరణం అనవసర ప్రసారాలను, తప్పుడు సంకేతాలను, గుర్తింపు లేని ప్రసారాలను అన్ని స్టేషన్లకూ నిషేధించింది. కాల్‌సైన్ లేకుండా క్యారియర్ నొక్కడం ఆ ఒక్క వాక్యంలోనే రెండు మూడు విధాల తప్పు. 1978 నాటి మన అమెచ్యూర్ సర్వీసు నిబంధనలు కూడా అలాంటి ప్రసారాలను ఒప్పుకోవు. లైసెన్సు లేకుండా వైర్‌లెస్ పరికరం దగ్గర ఉంచుకోవడాన్నే 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం నిషేధించింది. దాని స్థానంలో తెచ్చిన 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం దశలవారీగా అమలులోకి వస్తున్నది. అనుమతి లేని జామర్ పరికరాలను నిషేధించే అందులోని 48వ సెక్షను 2024 జులైలో అమలులోకి వచ్చింది. అంతరాయంతో పాటు బెదిరింపులు వస్తే భారతీయ న్యాయ సంహితలోని 351వ సెక్షను, మహిళా ఆపరేటర్లను ఉద్దేశించి అసభ్యంగా మాట్లాడితే 79వ సెక్షను వర్తించవచ్చు. ఆ రెండింటికీ స్థానిక పోలీసు స్టేషనుకు విడిగా ఫిర్యాదు ఇవ్వాలి, రేడియో ఫిర్యాదు తేలేదాకా ఆగనక్కరలేదు. ఇవి కాగితం మీది బెదిరింపులే అనుకునేవారికి ఒక్క మాట: లాస్ ఏంజెలెస్‌లో హామ్, అత్యవసర సేవల ఫ్రీక్వెన్సీల మీద ఇలాగే అంతరాయం కలిగించిన వ్యక్తికి 2006లో అక్కడి కోర్టు ఏడేళ్ళ జైలు విధించింది.

ఉత్తరం పంపాక రసీదు సంఖ్య రాసుకోండి, లాగ్ ఆపకండి. పంపాం కదా అని గాలిలో ఒక్క సూచన కూడా రాకూడదు. అతను జాగ్రత్తపడి పదిరోజులు మాయమైతే, వచ్చిన వాహనం ఉత్త గాలి విని వెళ్ళిపోతుంది.

మా అజ్ఞాత వ్యక్తి ఎవరో నాకు ఈనాటికీ తెలియదు. ఉత్తరం వెళ్ళిన కొన్నాళ్ళకు క్యారియర్ రావడం తగ్గింది, తరువాత ఆగింది. ఫిర్యాదు వల్ల ఆగిందా, మా మౌనానికి విసుగెత్తి ఆగిందా అని మాలో మేమే ఇప్పటికీ వాదించుకుంటాం, అదీ ఫోన్ మీదే. ఆగిన తరువాత కూడా నెల రోజులు లాగ్ రాయండి, ఏమీ లేని రాత్రికి "ఏమీ లేదు" అని రాయండి, తిరిగి మొదలైతే ఆ ఖాళీ వరుసలే తేదీల తేడా చూపిస్తాయి. మా పుస్తకంలో అలాంటి వరుసలు ముప్పై ఒకటి నిండాక నిమిషంన్నర టైమవుట్‌ను మళ్ళీ మూడు నిమిషాలకు పెంచాం. యాగీని విప్పినా ముక్కలైన టేపు కొలతకు పనికిరాదు కాబట్టి, దాన్ని అలాగే అటక మీద పెట్టాం.